ముందుగానే అర్థమైన పాఠం

సుచరితకు కాలు నిలవడం లేదు. బ్లాగు తెరవడం, చూడటం, మూయడం, మళ్లీ తెరవడం.

ఆమె చదివే మహిళా కాలేజీలో ఎమ్మే సోషియాలజీ చెప్పే జమీలా మేడమ్ పద్ధతే వేరు. ప్రతి క్లాసు అయ్యాక ఏం అర్థమైందో, ఎక్కడ చిక్కుపడ్డారో పిల్లలు క్లాసు బ్లాగులో రాయాలి. మేడమ్ మార్కులు వేయదు. కింద ఒక ప్రశ్న రాసి వదిలేస్తుంది. మార్కులన్నీ చివర్లోనే.

సుచరితకు మింగుడుపడనిది అదే. ర్యాంకు రాకపోతే పీహెచ్‌డీ మాట ఎత్తొద్దని నాన్న తేల్చేశాడు. ఇంటర్ తప్పిన అన్నయ్య బైకుకు మాత్రం ఏ ర్యాంకూ అక్కర్లేకపోయింది.

తప్పుల తడకగా రాసే స్వరూపతో మేడమ్ వారమంతా బ్లాగులో మాట్లాడుతుంది. ఇంటిచాకిరీ మీద సుచరిత రాసిన నున్నటి వ్యాసం కింద మాత్రం ఒక్కటే ప్రశ్న: "నిన్న నువ్వు తిన్న కంచం ఎవరు కడిగారు?"

సుచరితకు ఒళ్లు మండింది. జవాబు రాయలేదు. స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి, ఒక్కసారైనా బాగుందని రాయొచ్చు కదా అని అడిగేసింది.

"దానిదేముంది బేటా, కూర్చో."

మేడమ్ కంప్యూటర్ తెరిచింది. బ్లాగు ఆమె చేతిలోది. ఇంకా పైకి రాని పోస్టులు కూడా ఆమెకు కనిపిస్తాయి. సుచరిత ఆ సంగతే ఆలోచించలేదు. సెలవుల్లో పుస్తకం ముందేసుకుని సెమిస్టరుకు సరిపడా రాసేసి, ఆ రోజుకి వాటంతటవే పైకి వచ్చేలా తేదీలు పెట్టి ఉంచింది. ప్రతిదీ "ఈరోజు క్లాసులో నాకు కొత్తగా తెలిసింది" అనే మొదలవుతుంది. సమ్మెతో క్లాసే జరగని రోజున కూడా ఒకటి వచ్చిందని స్వరూప నవ్వితే, కుళ్లుబోతు అనుకుంది.

మేడమ్ రాబోయే వారం పోస్టు తెరిచింది. చదవలేదు. చివర "బాగుంది" అని కొట్టింది. ఆ తర్వాతిదీ తెరిచింది. "బాగుంది." టీ తాగుతూ, ఎదుటి మేడమ్‌తో బస్సులు దొరకని సంగతి మాట్లాడుతూ, ఒక్కొక్కదానికీ అదే కొడుతోంది.

"మీరు చదవట్లేదు మేడమ్."

"బాగుందని తెలుసుగా."

సుచరిత మొహం వేడెక్కింది. చేయి చాచి మౌసు లాక్కుంది. ఆ పోస్టుల్ని ఒక్కొక్కటే తీసేసింది, అన్నీ పోయేదాకా.

"మరి వచ్చే వారం ఏం రాయను?"

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఇంకా క్లాసు కాలేదుగా, బేటా."