మిగిలిన డెబ్బై

అప్పలనరసమ్మగారిని ఏది అడిగినా వెంటనే జవాబు రాదు. అడిగినవాళ్ళ చేతికి ముందు ఏదో ఒక పని ఇస్తారు. పని పూర్తయ్యేలోగా ప్రశ్న మరిచిపోతే, అది అడగాల్సిన ప్రశ్నే కాదని ఆవిడ లెక్క. పార్వతీపురం దాటాక కొండ దిగువన ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో అందరూ ఆవిణ్ణి గురువమ్మ అంటారు.

ఒక గురువారం భోజనాలయ్యాక నూకరత్నం ఆవిడ దగ్గరికి విసవిసా వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, కళ్ళెదుట దొంగతనం జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం పాపం కాదా?"

"ముందు కూకో. ఆ అడ్డాకుల కట్ట ఇటు లాగు. రాత్రికి విస్తళ్ళు కుట్టాలి," అన్నారు గురువమ్మ.

నూకరత్నం కూర్చుంది గానీ ఆమె మనసు కూర్చోలేదు. పుల్ల ఆకులో గుచ్చబోయి వేలిలో గుచ్చుకుంది.

ఆశ్రమంలో ఫోన్లూ వీడియోలూ చూసుకునేది ఆమే. గురువమ్మ చెప్పే మాటల్ని ఫోనులో పట్టి, పనుల కోసం దూరాలు పోయిన శిష్యులకు పంపుతుంది. అందుకోసమే ఈమధ్య ఆశ్రమానికి ఇంటర్నెట్ తీగ వేయించింది. వేసినవాడు గౌరీసు. టౌనులో కేబుల్ ఆఫీసులో పనిచేస్తాడు, పెళ్ళీడుకొచ్చిన కూతురున్న మనిషి. "ఎనబై ఎంబీల లైనమ్మా, గుర్రంలా పరిగెడతాది," అని చెప్పి వెళ్ళాడు.

ఆ పొద్దున పాత ప్రవచనాలు ఫోనులోకి దించుకుంటూ నూకరత్నం అంకె చూసింది. సెకనుకు పది ఎంబీలు అని ఉంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. పదే. ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్ళింది, వంటసాల గుమ్మం దాకా వెళ్ళింది. ఎక్కడికెళ్ళినా పదే. ఎనభై అని చెప్పి పది ఇస్తే మిగిలిన డెబ్బై ఎటు పోయినట్టు? రోడ్డుకవతల టీబడ్డీలో పొద్దస్తమానం టీవీ మోగుతూనే ఉంటుంది. బడ్డీవాడు గౌరీసుకు స్వయానా బావమరిది. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం ఎప్పట్లాగే ఆశ్రమానికి భోజనానికి వచ్చిన గౌరీసు పంక్తిలో కూర్చుని అన్నం తింటున్నాడు. నూకరత్నం పప్పు గరిటె పట్టుకుని అతని ముందు ఆగింది.

"ఏం గౌరీసూ, మా డెబ్బై ఏం చేశావు?"

"డెబ్బై ఏటమ్మా?"

ఆమె అందరూ వినేలా చెప్పింది. పంక్తిలోంచి ఎవరో, "టీబడ్డీకి పిల్లకాలవ తవ్వీసినట్టున్నాడు," అన్నారు. వరుసంతా నవ్వింది.

గౌరీసు ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఆఫీసోళ్ళు ఎనబై అని చెప్పమన్నారు, చెప్పాను. పదే ఎందుకొస్తందో నాకూ తెలీదమ్మా," అన్నాడు.

"తెలీదా? అన్నం పెట్టిన చోటే చెయ్యి పెట్టడం మాత్రం తెలుసు."

గౌరీసు ముద్ద విస్తట్లో పెట్టేశాడు. అన్నం ఉండగానే విస్తరి మడిచి లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఇదంతా గురువమ్మకు చెప్పి, "ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేస్తానమ్మగారూ. పనిలోంచి తీసేస్తే తీసేస్తారు. దొంగకి అదే తగును," అంది నూకరత్నం. ఆ కోపం కింద మరేదో కూడా కదులుతోంది గానీ, అదేమిటో చూసుకునే తీరిక ఆమె తనకు తాను ఇచ్చుకోలేదు.

"చెబ్దువులే. ఎనబై ఆకులు లెక్కపెట్టి నా ముందు పెట్టు."

పెట్టింది.

"ఇప్పుడు వంటసాలకి పోయి, రాత్రికి ఎనబై మంది కూకోడానికి ఆకులున్నాయని చెప్పు."

"ఎనభై మంది ఎలాగమ్మగారూ? విస్తరికి ఎనిమిది ఆకులు కుడతాం కదా. ఇవి పదిమందికే."

"మరి మిగిలిన డెబ్బై ఎవురు ఎత్తుకుపోనారు?"

నూకరత్నం ఆకుల కుప్ప వంక మళ్ళీ చూసింది. గురువమ్మ ఆకులు సర్దుకుంటూ, "గౌరీసు చెప్పిన ఎనబై, ఎనబై ఏటో అడిగావేటే?" అన్నారు.

అడగలేదు. ఎనభై అంటే ఎనభై అనుకుంది.

ఆమె వసారాలోకి వెళ్ళి కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫిర్యాదు చేద్దామనుకున్న నోటితోనే, ఎనభై అంటే ఏమిటని అడిగింది. అవతల ఒక అమ్మాయి, రోజూ చెప్పి విసిగిపోయినదానిలా గబగబా చెప్పింది. "లైన్ వేగం మేం బిట్లలో చెబుతామండి. మీ ఫోను బైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. జనం రెండింటినీ ఎంబీ అనే అంటారు. మీ ఎనభైని ఎనిమిదితో భాగిస్తే పది రావాలి. ఎంత వస్తోంది మేడం?"

"పది," అంది నూకరత్నం.

"మరి కంప్లైంట్ ఏంటండీ?"

"ఏం లేదమ్మా," అని పెట్టేసింది.

తిరిగి వచ్చి కూర్చుంది. ఒక విస్తరి కుట్టింది. ఆకులు సరిగ్గా అతకలేదని విప్పేసి మళ్ళీ కుట్టింది. చివరికి ఉండబట్టలేక, "మీకు ముందే తెలుసా అమ్మగారూ?" అంది.

"నాకెలాగ తెలుస్తాది? నాకూ తెలీదు, నీకూ తెలీదు, ఆడికీ తెలీదు. ముగ్గురిలో ఒకడే అన్నం ఒగ్గీసి లేచిపోనాడు."

నూకరత్నానికి ఇక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచింది, గుమ్మం దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసింది.

"ఇప్పుడే గౌరీసుకి ఫోన్ చేసి, తప్పైపోయింది నాయనా అని చెప్పేస్తానమ్మగారూ."

గురువమ్మ విస్తరి అంచు కుడుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

"నువ్వు తిట్టింది ఫోన్లోనా?"