చిక్కుడు మొక్క పక్కన ఎవరో నలుగురు

కూర్మారావు ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల. నలుగురికీ కలిపి ఒకటే గర్వం. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా వెతికినా తమంత తెలివైనవాళ్ళు దొరకరని. ఎవరేం చెప్పినా తు.చ. తప్పకుండా చేస్తారు, చెప్పనిది చచ్చినా చెయ్యరు. కూర్మారావు తల్లి నూకాలమ్మ ఓసారి బస్సెక్కితే కండక్టరు కమ్మీ పట్టుకోమన్నాడు. పట్టుకుంది. దిగాల్సిన ఊరొచ్చింది, ఆవిడ కమ్మీ వదల్లేదు. వదలమని ఆయన చెప్పలేదు మరి. టెక్కలి దాకా వెళ్ళి, అదే బస్సులో అలాగే నిలబడి తిరిగొచ్చింది. ఆ సంగతి మనవరాలికి ఇప్పటికీ నీతికథలా చెబుతుంది.

మనవరాలి పేరు ఢిల్లీశ్వరి. రెండో తరగతి. వాళ్ళ రోహిణీ టీచర్ ఆ ఏడాది పిల్లల కోసం తరగతి బ్లాగు ఒకటి మొదలుపెట్టింది. బ్లాగంటే భయపడేదేమీ కాదు, గోడపత్రిక లాంటిదే. కాకపోతే గోడ మీద కాకుండా ఫోన్లో ఉంటుంది. వారానికి ఒక పిల్ల వంతు. ఆ వారం ఆ పిల్ల గీసిన బొమ్మో, పెంచిన మొక్కో ఫోటో తీసి పంపితే టీచర్ దాన్ని బ్లాగులో పెడుతుంది. శుక్రవారం మూడింటిలోగా ఫోటో రాకపోతే వంతు పోయినట్టే. తరగతిలో ముప్పై ఒక్కమంది ఉన్నారు, మళ్ళీ ఆ ఏడాదిలో వంతు రాదు.

ఢిల్లీశ్వరి ఎప్పటినుంచో తన వంతు కోసం కాచుకుని ఉంది. కొబ్బరి చిప్పలో మట్టి పోసి చిక్కుడు గింజ నాటింది. అది మొలిచింది. పొద్దున్న లేవగానే ముఖం కడుక్కోకముందే అరుగు మీదికెళ్ళి దాని ఆకులు లెక్కపెట్టేది. తీరా తన వారం వచ్చేసరికి మూడు ఆకులు.

ఆ సోమవారం టీచర్ తల్లిదండ్రుల్ని పిలిచి జాగ్రత్తలు చెప్పింది. ఫోటోలో పిల్లల ముఖాలు కనబడకూడదు. పేరూ, ఇల్లూ ఎవరికీ తెలియనివ్వకూడదు. ఇంకో మాట, మిగతా పిల్లలవి కూడా చూసి కింద రెండు మాటలు రాయండి, వాళ్ళు సంతోషిస్తారు. కూర్మారావు, భార్య పైడమ్మ, తల్లి నూకాలమ్మ ముగ్గురూ తలలూపారు. ఇంకేముంది, ఇంటికొచ్చి పని మొదలుపెట్టారు.

ముందు రెండు మాటల సంగతి. కిందటి వారం వంతు ఢిల్లీశ్వరి ప్రాణస్నేహితురాలు మోహినిది. ఆ పిల్ల ఏనుగు బొమ్మ గీసింది. పైడమ్మకు అది బాగుందనిపించింది. కానీ తొండం పొట్టిగా ఉందని నూకాలమ్మ అందుకుంది. ఇద్దరూ చెప్పింది కూర్మారావు వరసగా రాస్తూ పోయి, రెండు మాటలు కాగానే ఆగిపోయాడు. టీచర్ రెండే అంది కదా. బ్లాగులో ఏనుగు కింద ఇలా పడింది: “బాగుంది కానీ.”

కానీ ఏమిటో తెలియక మోహిని రోజంతా ఏడ్చింది. ఢిల్లీశ్వరితో మాట్లాడటం మానేసింది. ఢిల్లీశ్వరి ఇంటికొచ్చి, మిగతాది రాయమని బతిమాలింది. మన మాటలు అయిపోయాయమ్మా, ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నాడు తండ్రి.

మంగళవారం నూకాలమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఫోటో ఎప్పుడు ఎవరు తీస్తారో ఎవరికి తెలుసు? దారిలో తీస్తేనో? పిల్ల ముఖం కనబడకూడదు కదా. అంతే, ఢిల్లీశ్వరి తలకు దిండు గలీబు తొడిగి బడికి పంపారు. పిల్ల కరెంటు స్తంభానికి ఒకసారి, అరటిపళ్ళ బండికి ఒకసారి గుద్దుకుని, మూడోసారి బడి గేటుకే గుద్దుకుంది కాబట్టి బడి వచ్చిందని తెలుసుకుంది. టీచర్ గలీబు తీసి, నుదుటికి మందు రాసి, ఫోటో తీసేటప్పుడు మాత్రమేనని చీటీ రాసి పంపింది. ముందే ఆ మాట చెప్పొచ్చుగా అని పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు.

బుధవారం ఇంటి వంతు. కూర్మారావుది ఇళ్ళకు రంగులు వేసే పని. ఇల్లు ఎవరికీ తెలియకూడదని గుమ్మం పక్కన ఉన్న నంబరు చెరిపేశాడు. తలుపుకు నీలం రంగు వేశాడు. నూకాలమ్మ దూరంగా నిలబడి చూసి, వీధి మొత్తానికి నీలం తలుపు మనదొక్కటే, ఇట్టే తెలిసిపోతుందంది. నిజమే. అంతే, ఆ వరసలో ఉన్న పదకొండు తలుపులకూ నీలం రంగు వేసేశాడు, నంబర్లన్నీ చెరిపేశాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు, చెబితే ఇల్లు తెలిసిపోతుంది.

ఆ పని పూర్తిచేసి, ఆ తృప్తితో టీ తాగడానికి సెంటరుకు వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే పదకొండు నీలం తలుపులు. తనిల్లు ఏదో తనకే తెలియలేదు. తన పనితనానికి తనే మురిసిపోయి, ఒక తలుపు కొట్టాడు.

“ఎవులది?” అని లోపల్నుంచి పైడమ్మ అడిగింది.

“పేరు సెప్పకూడదు. ఇది ఎవులిల్లు?”

“అదీ సెప్పకూడదు,” అంది పైడమ్మ.

గొంతు ఆమెకు బాగా తెలిసినదే. అయినా పేరు చెప్పలేదు కాబట్టి ఎవరో తెలియనట్టే లెక్క. ఎంత బలవంతం చేసినా నోరు జారని ఆ ఇల్లాలి తెలివికి కూర్మారావు లోలోపల దండం పెట్టుకుని, కుళాయి గట్టు మీద కూర్చున్నాడు. ఇలాంటి భార్య దొరికిన మగవాడు అదృష్టవంతుడనుకున్నాడు. మిగతా పదిళ్ళవాళ్ళు తలుపులు చూసుకుని అరుస్తుంటే ఆ అరుపులు కూడా వింటూ కూర్చున్నాడు. చివరికి బడి నుంచి కూతురు వచ్చి, ఒక అరుగు ముందు ఆగి, నాన్నా రా అంది. నీకెలా తెలిసిందే అంటే, అదిగో నా చిక్కుడు మొక్క అని చూపించింది.

కూర్మారావు మొక్కను ఎగాదిగా చూశాడు. ఇంత కష్టపడి ఇల్లు దాస్తే ఈ మొక్క పట్టిస్తోందన్నమాట. ఇంకేముంది, కూతురు చూడకుండా మొక్కను లోపలికి తీసుకెళ్ళి, మూల పెట్టి, పైన పెద్ద గంప బోర్లించారు. గంప కదలకుండా దాని మీద పచ్చడి జాడీ పెట్టారు.

గురువారం మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చి వెతికితే గానీ ఢిల్లీశ్వరికి మొక్క దొరకలేదు. గంప ఎత్తేసరికి కాడ వాలిపోయి ఉంది. మూడో ఆకు కొస గోధుమరంగుకు తిరిగింది. పిల్ల కొబ్బరి చిప్పను ఒళ్ళో పెట్టుకుని, ఏడుపు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

“రేపే గదా నాయనమ్మా,” అంది.

ఎంత తెలివితక్కువవాళ్ళయినా కడుపు తీపి ఉంటుంది. ముగ్గురికీ ప్రాణం ఉసూరుమంది. కూర్మారావు గబగబా టీచర్‌కు ఫోన్ చేశాడు. దోసెడు నీళ్ళు పోసి ఎండలో పెట్టండి, దాని మీద నీడ పడకుండా చూసుకోండి, కోలుకుంటుందని టీచర్ చెప్పింది. అంతే, పెరట్లో మొక్క పెట్టి, తమ నీడ ఎక్కడ పడుతుందోనని సాయంత్రం దాకా ముగ్గురూ పాక్కుంటూ తిరిగారు. నూకాలమ్మ డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు గీసుకుపోయాయి. కాకి ఎగిరితే దాని నీడ కూడా పడకూడదని పైడమ్మ చీపురు పట్టుకుని కూర్చుంది. ఈ ఇంటివాళ్ళను చూసి నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో లెక్కలేదు గానీ, ఆ సాయంత్రం మాత్రం నవ్వు రాలేదు.

శుక్రవారం పొద్దున్నకి మొక్క లేచి నిలబడింది. ఆకు కొస మాడింది మాడినట్టే ఉంది, మిగతాదంతా పచ్చగా ఉంది. ఢిల్లీశ్వరి గెంతులేసింది.

ఆ పూట పిల్లను బడి మాన్పించి ఫోటోకు సిద్ధమయ్యారు. ముఖాలు కనబడకూడదు కాబట్టి పిల్ల దిండు గలీబు తొడుక్కుంది, పైడమ్మ కొంగును ముఖం చుట్టూ మూడు చుట్లు చుట్టింది, నూకాలమ్మ చేట అడ్డం పెట్టుకుంది, కూర్మారావు తల మీద రంగు డబ్బా బోర్లించుకున్నాడు. ఆ డబ్బాతోనే ఫోన్ చాపి తను తీసిన ఫోటోల్లో ఒకదాన్లో పెరటి గోడ, ఒకదాన్లో తన కాలి బొటనవేలు పడ్డాయి. రెండున్నరయింది. నీలం తలుపు గురించి దెబ్బలాడటానికి వచ్చిన పక్కింటి ఈశ్వరరావు ఈ నలుగురినీ చూసి, వచ్చిన పని మరిచిపోయి, కడుపు పట్టుకుని నవ్వి, ఆ నవ్వులోనే కూర్మారావు ఫోన్ అందుకుని ఫోటో తీసి టీచర్‌కు పంపేశాడు. మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

సాయంత్రం నలుగురూ ఆత్రంగా బ్లాగు తెరిచారు. చూశారు.

“మనది ఎయ్యలేదు,” అంది పైడమ్మ. ఫోటోలో ఎవరో నలుగురున్నారు. ఒకడి తల డబ్బా, ఒకామె తల చేట. ఇలాంటి ముఖాలవాళ్ళు తమ చుట్టాల్లోనే లేరు. ఢిల్లీశ్వరి మాత్రం ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, మాడిన ఆకు కొస గుర్తుపట్టింది.

“మొక్క నాదే నాన్నా. పక్కనున్నది ఎవులో తెలీదు,” అంది.

అంతే, సంగతంతా తేలిపోయింది. ఎవరో దొంగలు మొక్క ఎత్తుకెళ్ళి, దానితో ఫోటో దిగి, ఏమీ ఎరగనట్టు తెచ్చి మళ్ళీ పెరట్లో పెట్టేశారు. పిల్ల వంతు కాజేశారు. శనివారం పొద్దున్నే నలుగురూ సాక్ష్యానికి మొక్కనూ, ఎందుకైనా మంచిదని గలీబునూ, చేటనూ, డబ్బానూ పట్టుకుని బడికి వెళ్ళారు. టీచర్ ఓపిగ్గా విన్నది. ఆ నలుగురూ మీరేనని చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. నమ్మకపోతే ఇవి మళ్ళీ తగిలించుకుని, ఈ ఫోటోతో పోల్చి చూసుకోండని బల్ల మీద కంప్యూటర్ వాళ్ళవైపు తిప్పింది.

టీచర్ చెప్పాక తప్పుతుందా? కొంగు మూడు చుట్లు చుట్టుకుంది పైడమ్మ. చేట లేచింది. డబ్బా బోర్లింది. నలుగురూ కంప్యూటర్ ముందు వరసగా నిలబడి శ్రద్ధగా చూశారు.

ఢిల్లీశ్వరి ఒక్కతే ఉండబట్టలేక గలీబు అంచు కొంచెం ఎత్తింది. తెర నిండా తన చిక్కుడు మొక్క. మూడు ఆకులు. కింద వరసగా తరగతి పిల్లలందరి మాటలు, అందరికన్నా పైన మోహిని రాసినవి రెండే: “బాగుంది. కానీల్లేవు.” పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీచర్ చూస్తుందేమోనని గబుక్కున గలీబు దించేసుకుని, లోపల్లోపలే నవ్వుకుంది.

అప్పుడు డబ్బాలోంచి కూర్మారావు గొంతు గంభీరంగా వినిపించింది.

“బాగా సూసినాం టీచరమ్మా. అందులో మేం లేం. మేమే గాదు, మీ కంప్యూటర్లో అసలు ఎవులూ లేరు.”