ఫోర్స్‌ఫుల్ అన్న మాట

దేవసహాయం మాస్టారు ఏ మాటకీ అర్థం అడగ్గానే చెప్పరు. డిక్షనరీ తీయరు, బోర్డు మీద రాయరు. "చూద్దాం లే" అంటారు. ఆ చూడడం ఒక్కోసారి ఆ పూటే తేలుతుంది, ఒక్కోసారి అడిగిన మనిషి అడిగిన సంగతే మరిచిపోయాక తేలుతుంది. రేపల్లెలో సైకిల్ షాపు మీది గదిలో, ఉద్యోగాలూ ఇళ్ళూ చూసుకుంటూ ఇంగ్లీషు నేర్చుకునే మాలాంటి పెద్దవాళ్ళకి సాయంత్రాలు ఆయన పాఠం చెబుతారు. చదువు చెప్పవయ్యా అంటే ఈ నాన్చుడేమిటని మొదట్లో నాకు ఒళ్ళు మండేది.

ఒకనాడు భానుమూర్తి లేచి నిలబడ్డాడు. బస్సు డిపోలో గుమాస్తా, మా పక్కింటివాడు, నన్ను అక్కా అంటాడు. "ఫోర్స్‌ఫుల్ అన్న మాటని వాక్యంలో ఎట్టా వాడాలి మాస్టారూ?" అని అడిగి, తను రాసుకొచ్చింది చదివాడు. మా అత్తగారు నాకు ఫోర్స్‌ఫుల్ భోజనం పెట్టింది అని దాని తాత్పర్యం. క్లాసంతా గొల్లుమంది.

మాస్టారు నవ్వలేదు. "ఆ మాట భోజనానికి అతకదయ్యా. ఫోర్స్‌ఫుల్ అంటే బలమైనది. మాటకి వాడు, వాదనకి వాడు, మనిషికి వాడు. నువ్వు చెప్పేది బలవంతం. దానికి ఫోర్స్‌డ్ అని వేరే మాట ఉంది."

"రెండూ ఒకటే గదా మాస్టారూ! బలవంతుడంటే బలం ఉన్నవాడా, బలవంతం చేసేవాడా? మన తెలుగులో లేని తేడా ఇంగ్లీషులోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని భానుమూర్తి పట్టుబట్టాడు. ఆపైన ఎవరూ అడక్కుండానే ఇంకో ముక్క కలిపాడు. "నేను మాత్రం ఎవర్నీ బలవంతం చెయ్యను. అది నా పద్ధతి."

ఆ ముక్క ఎందుకొచ్చిందో నాకు తెలుసు. శ్రావణమాసంలో ఏదో చిన్న మాటకి పట్టింపొచ్చి అతని భార్య హైమ బాపట్లలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమె "వెళ్తున్నా" అంటే ఈ మహానుభావుడు "నీ ఇష్టం" అన్నాడట. అప్పట్నుంచీ చూడాలి అతని అవస్థ! డిపో నుంచి వచ్చి, తాళం తీయబుద్ధి కాక మా అరుగు మీద కూచుంటాడు. "ఇల్లు ఇల్లులా లేదక్కా. హైమ లేకపోతే ఏం తిన్నా సయించట్లేదు" అని నాతో అంటాడు. నాతో అంటే ఏం లాభం? ఆమెతో అనడు. అంటే బలవంతపెట్టినట్టవుతుందట. ఇప్పుడేమో సోమవారం వచ్చి తన కుట్టుమిషను తీసుకుపోతానని హైమ కబురు చేసింది. అది కూడా వెళ్ళిపోతే ఆ ఇంటికి ఆమె మళ్ళీ రావడానికి కారణమంటూ ఏదీ మిగలదు. 

"చూద్దాం లే" అన్నారు మాస్టారు. "ఆదివారం మా అన్నయ్య వాళ్ళింట్లో భోజనం. నువ్వూ రా భానుమూర్తీ. అమ్మా, నువ్వూ రా" అని నన్నూ పిలిచారు.

ఆదివారం చర్చిలో మాస్టారి ప్రార్థన అయ్యాక పక్క ఊళ్ళో ఆ ఇంటికి వెళ్ళాం. మాస్టారి అన్నయ్య యేసుపాదం గారు పెద్ద జబ్బు చేసి లేచిన మనిషి. మంచం మీద గోడకి ఆనుకుని కూచున్నారు, గొంతు పెగలడమే కష్టంగా ఉంది. వడ్డన వాళ్ళావిడ రత్నకుమారి గారిది. ఆవిడ చెయ్యీ పెద్దదే, గొంతూ పెద్దదే. మాస్టారు చాలన్నారు, ఆవిడ వినలేదు. ఆయన కంచానికి ఎడంచెయ్యి అడ్డం పెట్టారు. "ఏందయ్యా ఆ పిట్ట మేత! తియ్యి చెయ్యి!" అంటూ ఆ చేతి పక్కనుంచే అన్నం గుమ్మరించి చేపల పులుసు పోసేసింది. "కడుపు నిండింది వదినా" అని మాస్టారు కంచం పక్కకి జరిపారు. ఆవిడ ఎంత అరిచి చెప్పినా ముట్టుకోలేదు.

అప్పుడు మంచం మీంచి పెద్దాయన ఏదో అన్నారు. వినబడక మేమంతా తినడం ఆపాం.

"ఇంకో రెండు ముద్దలు తినరా తమ్ముడూ. నువ్వు మా ఇంట్లో కూచుని తింటుంటే ఇంకాసేపు చూడాలనుంది."

మాస్టారు కంచం ముందుకి లాక్కున్నారు. నెమ్మదిగా, మెతుకు మిగలకుండా తిన్నారు. తింటూ తింటూ భుజంతో కళ్ళు తుడుచుకున్నారు.

తిరుగు బస్సులో భానుమూర్తి ఉండబట్టలేకపోయాడు. "కడుపు నిండిందన్నారు గదా మాస్టారూ?"

"నిండింది."

"మరి ఆవిడ అంత బలవంతం చేసినా తినలేదు. ఆయన మాటే సరిగ్గా వినబడలేదు, అయినా..."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నారు. ఆ కాస్తా విప్పి చెబితే ఆయన సొమ్మేం పోతుందని నాకు చిర్రెత్తింది.

మర్నాడు హైమ వాళ్ళన్నతో వచ్చింది. సాయానికని నేనూ వెళ్ళాను. భానుమూర్తి గోడకి చేరబడి, దొంగతనం జరుగుతున్న ఇంట్లో యజమానిలా చూస్తూ ఉండిపోయాడు. అన్న మిషను ఎత్తి గుమ్మం దాకా తెచ్చాడు. హైమ ఇల్లంతా ఒకసారి కలయజూసి "వెళ్తున్నా" అంది. భానుమూర్తి నోరు తెరిచి "నీ..." అన్నాడు. అక్కడే ఆగాడు.

"వెళ్ళొద్దు హైమా. నువ్వు కళ్ళ ముందు లేకపోతే నాకు బావుండట్లేదు."

ఎంత నెమ్మదిగా అన్నాడంటే, "బావ ఏమంటున్నాడే?" అని వాళ్ళన్న హైమనే అడిగాడు. హైమ అతనికి జవాబివ్వలేదు. మొగుడి మీద విరుచుకుపడింది.

"ఈ మాట ఆ రోజు అనడానికి ఏమొచ్చింది మీకు? సంచి పట్టుకుని ఈ గుమ్మంలోనే నిలబడ్డాను గదా! తొడుక్కున్న చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాను. ఆపుతారేమో, ఒక్కసారి వద్దంటారేమోనని ఎంత ఎదురుచూశానో మీకేం తెలుసు!" అని భోరుమంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "మిషను లోపల పెట్టు అన్నయ్యా" అంది. హమ్మయ్య అనుకున్నాను. కానీ తను మాత్రం ఉండలేదు. వెనక్కి వెనక్కి చూస్తూనే వెళ్ళి ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం భానుమూర్తి క్లాసుకి అందరికంటే ముందే వచ్చి, జరిగిందంతా మాస్టారికి చెప్పుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టే అన్నాను మాస్టారూ. అయినా వెళ్ళిపోయింది. ఎక్కడ తప్పు చేశాను?"

హైమతో ఏమన్నాడో ఆ ముక్క మళ్ళీ చెప్పమన్నారు మాస్టారు. భానుమూర్తి చెప్పాడు.

"వాక్యంలో తప్పేం లేదు అబ్బాయ్" అన్నారు మాస్టారు. "కాలం దగ్గరే పొరపాటు పడ్డావు. వెళ్ళి ఇంకోసారి చెప్పు."