టెంక అంబలి

"గురువుగారూ, రుచిని పూర్తిగా గెలవాలంటే నేనింకా ఏం వదలాలి?" అని కామేశం ఒకనాడు అడిగాడు.

అడిగిన వెంటనే జవాబు చెప్పడం విశ్వపతిగారి అలవాటు కాదు. విన్నానన్నట్టు తల ఊపి, చేస్తున్న పని చేసుకుపోయేవారు. గోదావరి ఒడ్డున ఆయన మఠానికి వచ్చినవాళ్ళలో కొందరు ఆ మౌనానికి కష్టపెట్టుకుని వెళ్ళిపోయారు కూడా. కామేశం వెళ్ళలేదు. ఆ ప్రశ్న అడిగే అర్హత తనకుందని అతని నమ్మకం. కోనసీమలో, భోజనానికి పేరుపడ్డ ఇంట్లో పుట్టినవాడు. ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డిస్తారంటే పిలవని పెళ్ళికైనా పోయి పంక్తిలో కూర్చున్నవాడు. అలాంటివాడు మఠంలో చేరాక ఒక్కొక్కటిగా విడిచిపెట్టుకుంటూ వచ్చాడు. తీపి పోయింది. పులుపు, కారం పోయాయి. చివరికి ఉప్పు కూడా మానేసి ఒంటిపూట చప్పిడి అన్నం తింటున్నాడు. అందుకు లోలోపల అతనికి గర్వంగానే ఉండేది. దాన్ని అతను ప్రశాంతత అనుకునేవాడు.

శ్రావణమాసంలో ఇద్దరూ ఎగువనున్న ఒక ఊరికి బయలుదేరారు. వరదకు లాంచీలు ఆగిపోవడంతో కొండదారి పట్టవలసి వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి వాన అందుకుంది. ఎక్కడా తల దాచుకునే చోటు లేక తడిసి ముద్దయ్యాక, కొండరెడ్ల పల్లె ఒకటి కనిపించింది. ముందు ఎదురైన ఇంటి చూరు కింద నిలబడ్డారు.

ఆ ఇల్లు ముత్తెమ్మ అనే ముసలామెది. ఆమె తలుపు తీసి చూసి, "ఇక్కడెందుకు బాబూ, జల్లు కొడతంది, లోపలికి రండి" అని పిలిచి చాప వేసింది. పొయ్యి మీద కుండలో ఏదో కుతకుతమంటోంది. గోడకు చేరగిలబడి అయిదారేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పోయి, ముఖంలో కళ్ళు తప్ప మరేమీ లేనట్టుంది. దాని ముందు ఒక సత్తుగిన్నె, అందులో చల్లారి పొర కట్టిన అంబలి. ముట్టుకున్న జాడ లేదు.

"నా మనవరాలు బాబూ, నూకాలు" అంది ముత్తెమ్మ, వాళ్ళు అటు చూడటం గమనించి. "నా కూతురు కింద పల్లపూళ్ళలో నాట్లకి పోయి అక్కడే ఉండిపోయింది. ఈమధ్యే జొరమొచ్చి చనిపోయింది. పిల్లని నేను తెచ్చుకున్నాను. అక్కడ వరన్నం తిని పెరిగింది గదా, ఈ తిండి దీనికి తెలవదు. వాసన చూసి మొహం తిప్పేస్తది. కొండ మీద పంట చేతికొచ్చేదాకా మాకున్నదిదే. ఎంత బతిమాలినా గుక్కెడు తాగదు. ఏం చేసేది బాబూ?"

"ఏమిటవ్వా అది?" అన్నాడు కామేశం.

"టెంక అంబలి."

వేసవిలో తిన్న మామిడిపళ్ళ టెంకలను అక్కడివాళ్ళు పారెయ్యరు. పగలగొట్టి లోపలి జీడి తీసి ఎండబెడతారు. దాన్ని బుట్టకెత్తి పారే వాగులో ముంచి ఉంచుతారు. చేదూ వగరూ నీళ్ళలో చాలావరకు దిగిపోయాక, దంచి పిండి చేసి జావ కాచుకుంటారు. చాలావరకే, పూర్తిగా కాదు.

ముత్తెమ్మ వచ్చినవాళ్ళిద్దరికీ ఆకుదొప్పల్లో అంబలి పోసి పెట్టింది. ఇంట్లో ఇంకేమీ లేదని ఆమె సిగ్గుపడలేదు. విశ్వపతిగారు దొప్ప అందుకుని కళ్ళకద్దుకుని తాగసాగారు. కామేశం మాత్రం దొప్పవంక చూస్తూ ఉండిపోయాడు. అంటూ సొంటూ అతను మఠంలో అడుగుపెట్టిననాడే వదిలేశాడు; అతణ్ణి ఆపినవి అవి కావు. ఆ బూడిదరంగు, ఆ జిగురు, నానిన చెక్కలాంటి ఆ వాసన. ఇంతకాలంగా అతను వదిలినవన్నీ అతనికి బాగా తెలిసినవి, ఇష్టమైనవి. తెలియనిదొకటి ఇలా నోటిదాకా రావడం ఇదే మొదలు.

దొప్పను మెల్లగా పక్కకు జరిపి, "ఈ పూట నాకు ఉపవాసం అవ్వా" అన్నాడు.

ముత్తెమ్మ అలాగేనన్నట్టు తలాడించింది. గోడవారనున్న పిల్ల అతణ్ణీ, ఆ దొప్పనూ మార్చి మార్చి చూసింది. తరవాత తన గిన్నెను అచ్చం అతను జరిపినట్టే పక్కకు జరిపింది.

"అవ్వా, నాకూ ఉపవాసమే" అంది.

కప్పు మీద వానచప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. కామేశం గురువుగారి వంక చూశాడు. ఆయన తల ఎత్తలేదు. దొప్ప అంచున మిగిలిన అంబలిని వేలితో తుడిచి నోట పెట్టుకుంటున్నారు. ముత్తెమ్మ పిల్ల గిన్నెవంక చూస్తోంది. అతని మీద ఆమెకు కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది కామేశానికి. తాను విడిచిపెట్టిన ఉప్పు వల్లా పులుపు వల్లా ఇంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. ఈ ఒక్క దొప్ప విడిచినందుకు ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చేలా ఉంది.

అతను దొప్పను మళ్ళీ దగ్గరకు తీసుకున్నాడు.

"ఉపవాసమన్నారు గదా బాబూ?" అంది ముత్తెమ్మ.

"అబద్ధం చెప్పానవ్వా."

దొప్ప ఎత్తి ఒక గుక్క మింగాడు. చేదు గొంతులో అడ్డంపడ్డట్టయింది. దాని వెనకే వగరు నాలుకనూ చిగుళ్ళనూ పట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాంతి వచ్చేలా ఉంటే పళ్ళు బిగబట్టి ఆపుకున్నాడు. పిల్ల రెప్ప వెయ్యకుండా అతని ముఖంలోకే చూస్తోంది.

"బాగుందా?" అని అడిగింది.

బాగుందని చెప్పమన్నట్టు ముత్తెమ్మ అతనివైపు దీనంగా చూసింది. ఆ మాట అతని నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఒకే పూటలో రెండో అబద్ధం ఆడటానికి మనసొప్పలేదు.

"లేదు. చేదుగా ఉంది" అన్నాడు.

ముత్తెమ్మ ముఖం వాడిపోయింది.

"మరెందుకు తాగుతున్నావు?" అంది పిల్ల.

"ఆకలేస్తోంది. నీకెయ్యడం లేదూ?"

పిల్ల వేలితో నేల గీరుతూ, "మా అమ్మ అన్నంలో మజ్జిగ పోసి పెట్టేది" అంది.

"మా అమ్మా అంతే. వేలితో ఉప్పురాయి నలిపి కలిపేది" అన్నాడు కామేశం. అమ్మ మాట నోట రాక అతనికి ఏళ్ళయింది. ఇప్పుడెందుకొచ్చిందో అతనికే తెలియలేదు.

"ఇది అలా లేదు" అంది పిల్ల.

"లేదమ్మా. అలా లేదు."

అప్పుడు పిల్ల ఏడ్చింది. తల్లి పోయినప్పటినుంచి అది ఏడవలేదనీ, ఏడవని పిల్లను చూసి తనకు భయమేస్తోందనీ ముత్తెమ్మ తరవాత చెప్పింది. కామేశం ఊరుకోమనలేదు. దొప్పలోంచి ఇంకో గుక్క తాగాడు. ముఖం దానంతట అదే చిట్లింది, దాచుకోలేదు. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగాక పిల్ల పాకుతూ వచ్చి అతని పక్కన కూర్చుంది. గిన్నె లాక్కుని, రెండు చేతులా ఎత్తి, పెదవులు తడిపి, ముఖం అతనిలాగే చిట్లించింది. అతను తాగాడు. అది తాగింది. మళ్ళీ అతను. గిన్నె సగానికి వచ్చింది. ముత్తెమ్మ గరిటె నిండా అంబలి తీసి మారు వడ్డించబోయి, ఎక్కడ బెదిరి మానేస్తుందోనని గరిటె గాలిలోనే పట్టుకుని అలాగే ఉండిపోయింది.

వాన తెరిపి ఇచ్చాక గురుశిష్యులు సెలవు తీసుకున్నారు. పిల్ల గుమ్మందాకా రాలేదు. చాప మీద ముడుచుకుని నిద్రపోతోంది. పల్లె దాటాక ఒక సెలయేరు అడ్డం వచ్చింది. కామేశం నోరింకా వగరుతో పిడచగట్టుకునే ఉంది. గట్టున కూర్చుని, వంగి దోసిట నీళ్ళు తీసుకున్నాడు.

అప్పటిదాకా ఒక్క మాటా అనని విశ్వపతిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"పుక్కిలించకు నాయనా. కాసేపు ఉండనీ. ఆ పిల్ల నోట్లోనూ ఉంది."