పటిక చుక్కలు

పెంచలయ్య గారికి అడిగిన దానికి నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. కాళహస్తిలో ఆయన దగ్గర కలంకారీ నేర్చుకునేవాళ్లు ఏదైనా అడిగితే, చేతికి ఒక పని అప్పగించి ఊరుకుంటారు.

ఆ రోజు అడిగింది మునికుమారి. పదిహేడేళ్ల పిల్ల. రెండు బుగ్గల నిండా మొటిమలు, చేతిలో తడి సున్నం ముద్ద.

"మనసులో పాడు తలపులుంటేనే ముఖాన ఇవి లేస్తాయంట అయ్యోరా. ఈ ముఖం పెట్టుకొని గుడ్డ మీద అమ్మవారిని రాయొద్దనింది మా అత్త. డాక్టరమ్మేమో, ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు ఎక్కువై చర్మం కింద జిడ్డు ఊరుతుంది, అందుకే మొటిమలు అంటాది. కంటికి కనబడనిది ముఖం మీదికి ఎట్లా వస్తుంది? ఈ సున్నం పూసి కాల్చేసుకుంటా."

సున్నం అప్పటికే వేళ్లను చురుక్కుమనిపిస్తోంది.

"పూసుకుందువులే. ముందు చెయ్యి కడుక్కొని ఆ గుడ్డ తియ్," అన్నారాయన, పొయ్యి మీది కాగు చూపిస్తూ.

అది ఆమె సొంతంగా రాసిన తొలి గుడ్డ. మొన్న ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూసింది. ఆరిందంటే ఆ నీళ్లు ఎక్కడ పడ్డాయో పూసినవాళ్లకైనా తెలియదు. రంగునిచ్చే ఎర్రచెక్కలు వేసి ఉడకబెడితేనే, ఆ చోట ఎరుపు పట్టి బయటపడుతుంది. సున్నం గట్టు మీద పెట్టి, చెయ్యి కడుక్కొని, కర్రతో గుడ్డను పైకెత్తింది. అమ్మవారి చీర ఎర్రగా తేలింది. అమ్మవారి బుగ్గ మీద కూడా మూడు ఎర్ర చుక్కలు తేలాయి.

మునికుమారికి ప్రాణం ఉసూరుమంది. బుగ్గకు ఆమె పటిక పెట్టనే లేదు. గబగబా గుడ్డను చన్నీళ్లలో ముంచి బొటనవేలితో రుద్దింది. చుక్కలు చెక్కుచెదరలేదు. పళ్లు బిగబట్టి ఇంకా గట్టిగా రుద్దింది. పోగులు లేచాయి. ఇంకొక్కసారి రుద్దితే అమ్మవారి ముఖమే చిరుగుతుంది. చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"మొన్న కలం విదిలించినావే, అప్పుడు పడినాయి పటిక చుక్కలు," అన్నారు పెంచలయ్య గారు. "లేకుంటే అమ్మవారు ఏ పాడు తలపు తలచిందంటావు?"

ఆమె తడి చేతి వెనకభాగంతో తన బుగ్గను మెల్లగా, నొప్పి తగలకుండా తాకి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెంచలయ్య గారు తమలపాకు తీసి తొడిమ తుంచారు.

"ఆ సున్నం ఇట్లా తే. నా డబ్బీలో నిండుకుంది."