ముందు వరసలో లేని తాత

తెల్లారగానే జోగులు, తాము దిగిన సత్రంలో మూట కట్టేశాడు.

"ఇంక నావల్ల కాదు గురువుగారూ! ఇవాళ సాయంత్రం కథ మీరే చెప్పుకోండి. ఈ జన్మలో నేనిక గజ్జె కట్టను."

హరికథలో కూర్మదాసుగారిది పెద్ద పేరు. శిష్యుడు జోగులిది పెద్ద కంఠం. రాగం తప్పడు, తాళం తప్పడు. అయినా జనం కథ మధ్యలోనే లేచిపోతారు. గురువుగారి కథకు మాత్రం పసిపిల్లలు కూడా కదలరు.

ఆ కిటుకు పట్టేశాననే అనుకున్నాడు పాపం. కిందటి వారం రుక్మిణీ కల్యాణంలో రథం కదిలే వేళకు ముందు వరసలో ఓ ముసలాయన ఆవలించాడు. కూర్మదాసుగారు టక్కున చిరతలు ఆపి, కృష్ణుడి గొంతుతోనే, "ఉండు రుక్మిణీ! ఈ తాతగారు నిద్రపోతే మన పెళ్ళికి పెద్ద ఎవరు?" అన్నారు. పందిరంతా గొల్లుమంది. మంగళం పాడేదాకా ఆ తాత మళ్ళీ రెప్ప వాల్చితే ఒట్టు.

ఆ మాట, ఆ చెయ్యి తిప్పడం, ఆ ఓరచూపు అన్నీ జోగులు కంఠతా పట్టాడు. నిన్న రాత్రి సరిగ్గా రథం కదిలే చోట అప్పజెప్పాడు. ముందు వరసలో ఉన్నదంతా బడిపిల్లలు. తాత ఎక్కడా అని జనం వెనక్కి తిరిగి వెతికారు. అటు తిరిగినవాళ్ళు అటే ఇళ్ళకు పోయారు.

"ఒక్క అక్షరం పొల్లుపోలేదండీ! మీరంటే నవ్వుతారు, నేనంటే నవ్వరు. నా మొహంలో ఏం లోపముందో చెప్పండి!"

"నీ మొహానికేంరా, బాగానే ఉంది" అన్నారు కూర్మదాసుగారు చాప మీద చతికిలబడుతూ. "ఏదీ, ఆ కల్యాణం నాకోసారి చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

జోగులు విసుక్కుంటూనే గజ్జె కట్టాడు. కోపమంతా గొంతులోకి వచ్చింది. ఎదురుగోడ మీద చూపు నిలిపి, సత్రం దద్దరిల్లేలా పాడాడు. మంగళం అయ్యాక దణ్ణం పెట్టి కిందికి చూశాడు.

చాప ఖాళీగా ఉంది.

పెరట్లోకి పరుగెత్తాడు. గురువుగారు బావి దగ్గర స్నానం ముగించి తల తుడుచుకుంటున్నారు.

జోగులికి ఏడుపొక్కటే తక్కువ. "ఇదేం న్యాయమండీ! చెప్పమన్నది మీరే. మీరు కూడా లేచిపోతారా?"

"అవున్రా, లేచిపోయాను" అన్నారు కూర్మదాసుగారు. "కథలో ఏ చోట లేచానో చెప్పు."

జోగులు చెప్పబోయి ఆగిపోయాడు. అతనికి తెలియదు.