వాగు ఇవతలి తోడేలు

ఎదుటివాడు మాట తప్పాక కూడా మన మాట మనం నిలబెట్టుకోవడం మంచితనమా, తెలివితక్కువతనమా అని విరూపాక్షుడు ఒక ఉదయం గురువుగారిని అడిగాడు. అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. పచ్చికబీళ్ళ విషయంలో అతని ఊరికీ పక్క ఊరికీ ఉన్న ఒప్పందాన్ని పక్క ఊరివాళ్ళు కాలదన్నారు. ఇక మనమూ మన దారి చూసుకుందాం, నువ్వూ కర్ర పట్టుకుని రమ్మని అతని అన్న కబురు పంపాడు. వెళ్ళాలో మానాలో శిష్యుడికి తోచలేదు.

గురువుగారు నాగలింగార్యులు శాస్త్రం ఎరిగినవారే గాని ఇలాంటి ప్రశ్నలకు శాస్త్రం తీసేవారు కారు. అడిగినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, తాము ఎరిగిన మనుషుల్లో ఎవరికో జరిగిన సంగతి చెప్పేవారు. ఆ రోజు బోయ కదిరెప్ప సంగతి చెప్పారు.

కదిరెప్ప గద్దగుండ్ల కొండ కింద ఉన్న బోయపల్లెకు పెద్ద. తాతల నాటి నుంచీ వాళ్ళది వేట బతుకు. ఏడాదికొకసారి సంస్థానం అనుమతితో ఊరంతా కొండెక్కి చేసే పారువేట వాళ్ళకు పండగ, తిండి, పరువు కూడా. ఆ కొండ మీద ఒకప్పుడు తోడేళ్ళు ఉండేవి. పాత దొరల కాలంలో వాటిని వెంటాడి ఒక్కటి కూడా మిగలకుండా చంపేశారు. ఆ తరవాత జింకలూ అడవిపందులూ మితిమీరి పెరిగాయి. కొండ మీద లేత మొక్క బతకలేదు, కింద జొన్నచేను నిలవలేదు. సంస్థానం వారు ఆలోచించి, పొరుగు సీమ నుంచి తోడేళ్ళను పట్టి తెప్పించి కొండ మీద మళ్ళీ వదలాలని నిశ్చయించారు. ఆ పని అడవి అధికారి భుజంగరావు చేతిలో పెట్టారు.

వదలబోయే ముందు భుజంగరావు బోయలను కచ్చేరి వాకిట్లోకి పిలిపించాడు. కదిరెప్ప తన మనసులోది దాచుకోలేదు.

"తోడేలు తినేది మేం వేటాడే జింకనే గదా సామీ. ఆడ చాలకపోతే మా మందలోకి దిగుతాది. అప్పుడు మేమేం జేయాల?"

కొండకూ ఊరికీ నడుమ ఉన్న వాగు దాటి అవి ఇవతలికి రావని, ఒకవేళ వస్తే తామే వచ్చి పట్టుకుపోతామని, పారువేట జోలికి మాత్రం ఎన్నటికీ రామని అధికారి అందరి ముందూ చెప్పాడు. బదులుగా తోడేలు మీద చెయ్యి వేయబోమని మాట ఇమ్మన్నాడు. కదిరెప్ప కాసేపు ఆలోచించి ఊరి తరఫున మాట ఇచ్చాడు.

మొదటి ఏడాది సాఫీగానే గడిచింది. రెండో ఏడు మందలో గొర్రెపిల్లలు పోసాగాయి. కదిరెప్ప భార్య సుంకులమ్మ బిడ్డలా సాకిన వేటకుక్క ఒక తెల్లవారుజామున దొడ్డి పక్కన మెడ చీలిపోయి కనిపించింది. కదిరెప్ప కచ్చేరికి వెళ్ళి చెప్పుకున్నాడు. అది ఊరకుక్కల పని అన్నాడు భుజంగరావు. మళ్ళీ వెళ్ళాడు. చిరుతపులి అయి ఉంటుందన్నాడు. ఆ చలికాలం పారువేటను నిలిపివేస్తున్నట్టు ఊళ్ళో దండోరా వేయించారు. కొండ మీద జింకలు తగ్గాయట, ఉన్నవి తోడేళ్ళకే చాలవట.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా కదిరెప్ప గడప ముందు చేరింది. అందరికన్నా గట్టిగా అరిచినవాడు అతని బావమరిది పుల్లప్ప.

"వాళ్ళు మాట తప్పినారు బావా. ఇంక మన మాట ఎవరి కోసం? ఉచ్చులు పెడదాం. ఒక్కటి గూడా మిగలగూడదు."

"అడుగుదాం," అన్నాడు కదిరెప్ప. "వాళ్ళు మాట నిలబెట్టుకొనేదాకా అడుగుదాం. ఉచ్చు మాత్రం పెట్టొద్దండి."

కుక్క మెడలో ఉండిన తోలుపట్టీ సుంకులమ్మ తెచ్చి మొగుడి ముందు పడేసి లోపలికి పోయింది.

పుల్లప్ప వినలేదు. కొద్ది రోజులకు వాగు ఇవతల, మంద మేసే గుట్ట మీద, అతను పెట్టిన ఉచ్చులో ఆడ తోడేలు ఒకటి ముందు కాలు ఇరికించుకుంది. పొద్దున్నే ఆ అరుపు విని కదిరెప్ప పరిగెత్తి వెళ్ళేసరికి పుల్లప్ప ఈటె ఎత్తి ఉన్నాడు. పక్కనే సగం తిన్న గొర్రెపిల్ల పడి ఉంది. కదిరెప్ప వెళ్ళి ఈటెకూ తోడేలుకూ నడుమ నిలబడ్డాడు.

"ముందు నన్ను పొడువు. తరవాత దాన్ని పొడుద్దువు."

పుల్లప్ప అటూ ఇటూ చూశాడు. "ఎవరూ చూడలేదు బావా," అన్నాడు గొంతు తగ్గించి.

"అందుకే వద్దంటున్నా. పో, పోయి భుజంగరావును పిలుచుకొని రా. తోడేలు వాగు దాటిందని చెప్పు. ఉచ్చులో ఉందని గూడా చెప్పు."

పుల్లప్ప తిట్టుకుంటూనే వెళ్ళాడు. కదిరెప్ప తన గొంగడి తీసి తోడేలు తల మీద కప్పాడు. కళ్ళకు చీకటయ్యాక అది పెనుగులాట మానింది. ఎండ ఎక్కింది. సొరకాయ బుర్రలోని నీళ్ళు కొంచెం కొంచెంగా దాని మూతి దగ్గర పోస్తూ కూర్చున్నాడు. చంపాలని అతనికి అనిపించలేదని కాదు. కుక్క మెడ కళ్ళ ముందు మెదిలినప్పుడల్లా చెయ్యి పక్కనున్న తన ఈటె మీదికి పోయింది. పోయిన ప్రతిసారీ వెనక్కి తీసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా భుజంగరావు వచ్చాడు. గుట్టను చూశాడు, వాగును చూశాడు, గొర్రెపిల్లను చూశాడు. వెంట వచ్చిన బంట్రోతును దూరంగా పొమ్మన్నాడు.

"కదిరెప్పా, దీన్ని విప్పి వదిలేద్దాం. ఉచ్చు సంగతి నేను మరిచిపోతాను. వాగు సంగతి నువ్వు మరిచిపో."

"ఉచ్చు మాది సామీ. అది దివానుగారి ముందు నేను చెప్పుకుంటా. వాగు మీది. అది మీరు చెప్పండి."

ఇద్దరూ కలిసే దాన్ని విడిపించారు. భుజంగరావు గొంగడి అదిమి పట్టుకున్నాడు. భయంతో అతని మొహం పాలిపోయింది గాని పట్టు మాత్రం వదలలేదు. ఉచ్చు తెగిన క్షణంలో తోడేలు విదిలించుకుని కదిరెప్ప కుడి చేతిని కొరికి, కుంటుకుంటూ వాగు దాటిపోయింది.

దివాను కచ్చేరిలో కదిరెప్ప గుడ్డ చుట్టిన చేతితో నిలబడి, తమ ఊళ్ళో ఉచ్చు పడిందని, ఊరిపెద్దగా తప్పు తనదని చెప్పాడు. ఎవరు పెట్టారని ఎంత అడిగినా పేరు చెప్పలేదు. దివాను అతని ఈటె జప్తు చేయించి, కొండెక్కరాదని ఆంక్ష పెట్టాడు. తరవాత అధికారి వైపు తిరిగి, తోడేళ్ళు వాగు దాటుతున్న మాట నిజమేనా అని అడిగాడు. భుజంగరావు నేల చూపులు చూశాడు.

"విచారించి మనవి చేసుకుంటాను," అన్నాడు.

బయట పుల్లప్ప ఏడుపూ కోపమూ ఆపుకోలేకపోయాడు. చూశావా బావా, నీ మాటకు దక్కిన మర్యాద అన్నాడు. మరుసటి సంతనాడు కదిరెప్ప ఒట్టి చేతులతో మళ్ళీ కచ్చేరి మెట్ల దగ్గర నిలబడ్డాడు. భుజంగరావు మెట్లు దిగగానే చేతులు జోడించి, "విచారణ అయిందా సామీ?" అని అడిగాడు. ఇంకా లేదన్నాడు అధికారి. కదిరెప్ప దండం పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ పై సంతకూ వచ్చాడు. అదే మాట అడిగాడు. గొంతు పెంచలేదు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. తడుస్తూ వచ్చి అడిగాడు. భుజంగరావు ఒకనాడు కసురుకున్నాడు, ఇంకొకనాడు వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాడు. అక్కడ ఊళ్ళో మళ్ళీ ఉచ్చు అన్న మాటే లేదు. పుల్లప్పే కుర్రాళ్ళను వెంటేసుకుని మందకు కాపలా కాశాడు. సుంకులమ్మ సంతనాడు తెల్లవారకముందే లేచి మొగుడికి రొట్టె మూట కట్టి ఇచ్చేది.

ఒక సంతనాడు కదిరెప్ప బయలుదేరేలోగా భుజంగరావే బోయపల్లెకు వచ్చాడు. గుర్రం దిగి వాకిట్లో నిలబడ్డాడు.

"ఈ రోజు నువ్వు అడగొద్దు," అన్నాడు. "నాతో రా."

దివాను ముందు అతను ఏదీ దాచలేదు. తోడేళ్ళు వాగు దాటుతున్నాయన్నాడు. ఆ సంగతి తనకు ముందే తెలుసనీ, వాటిని తెచ్చినవాడు తానే కాబట్టి నోరు రాలేదనీ చెప్పాడు. దివాను అతణ్ణి పదవిలోంచి దించి, కొండ కింద చిన్న కొలువుకు పంపాడు. మంద మీద పడే తోడేలును బోయల ఎదుటనే పట్టాలని, పారువేట ఆపాలంటే ముందు వాళ్ళను అడిగి తీరాలని ఆజ్ఞ వేశాడు. తోడేళ్ళు కొండ మీదే ఉన్నాయి. ఆ చలికాలం పారువేట జరిగింది. కదిరెప్ప మీది ఆంక్ష తొలగింది, ఈటె తిరిగి వచ్చింది గాని, తోడేలు కొరికిన చేతికి దాన్ని విసిరే పట్టు రాలేదు. అందరి వెనకా నడుచుకుంటూ కొండెక్కి, నడుచుకుంటూ దిగాడు.

గురువుగారు అక్కడితో ఆపారు. విరూపాక్షుడు తన అనుమానం తీరక మళ్ళీ అడిగాడు.

"భుజంగరావు చివరికి నిజం చెప్పాడు కాబట్టి సరిపోయింది. చెప్పకపోయి ఉంటే? అలాంటివాడికి ఇచ్చిన మాటను పట్టుకుని కదిరెప్ప అన్నాళ్ళు నిలబడ్డది వృథాయే కదా స్వామీ?"

నాగలింగార్యులు లేస్తూ అన్నారు.

"కదిరెప్ప మాట ఇచ్చింది భుజంగరావుకని నీకెవరు చెప్పారు నాయనా?"